చలికి ఎన్ని యూనిట్లు, కొండకు ఎన్ని?

కోయంబత్తూరు నుంచి ఊటీకి సుమారు 86 కిలోమీటర్లు. మేట్టుపాళయం దాకా, అంటే మొదటి 35 కిలోమీటర్లు, దారి దాదాపు చదును. ఆ తర్వాతి 51 కిలోమీటర్లలో రోడ్డు సముద్ర మట్టానికి 330 మీటర్ల నుంచి 2,240 మీటర్లకు ఎక్కుతుంది. 1,500 కిలోల కారులో నలుగురు మనుషులు, వాళ్ల సంచులు కలిపి మొత్తం 1,800 కిలోలు అనుకుందాం. ఆ బరువును 1,900 మీటర్లు పైకి చేర్చడానికి భౌతికశాస్త్రం అడిగే శక్తి 9.3 యూనిట్లు. రెండు నెలలకోసారి ఇంటికొచ్చే ఈబీ (విద్యుత్ బోర్డు) బిల్లులో ఉండే యూనిట్లే ఇవి. మోటారులో, గేర్లలో పోయేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి 10.6 యూనిట్లు ఖర్చవుతాయి.

కొండ ఎక్కడానికి అయ్యే ఖర్చు ఇది. చలికయ్యేది వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపేసి భయపడడం మన ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తోంది. పీలమేడులోనో, సూలూరులోనో, మదురై పాత వీధుల్లోనో ఉన్న తెలుగు ఇంట్లో ఎలక్ట్రిక్ కారు మాటెత్తండి. ఊటీ, కొడైకెనాల్ చలికి బ్యాటరీ పడుకుంటుందని ఒకరు అంటారు. టొరంటోలోనో, చికాగోలోనో ఉన్న కొడుకు ఎలక్ట్రిక్ బండి కొంటున్నాడని తెలిసి, "మంచులో దారి మధ్య నిలిచిపోతే ఏం చేస్తావురా" అని ఫోన్లో ఇంకొకరు అడుగుతారు. ఆ భయంలో నిజం ఉంది, అయితే దాని కొలత ఎంతో తెలియాలి. అంకెలు ముందు పెట్టుకుని చూస్తే చలి ఎంత తింటుందో లెక్కకు అందుతుంది. లెక్కకు అందనిది, బండి రాత్రిపూట ఎక్కడ నిలుస్తుంది, అక్కడ ప్లగ్గు ఉందా అన్నది. చాలా ఇళ్లలో ఈ ప్రశ్న అసలు అడగడం లేదు.

విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మధుర నాయకుల కాలంలోనూ ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇవి. తరాలు మారినా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కోయంబత్తూరు వైపు నాయుళ్లు నల్లరేగడిలో పత్తి పండించారు, ఆ పత్తి కోసం మిల్లులు పెట్టారు. ఆ మిల్లులు విస్తరించడానికి ఊపిరిచ్చింది 1932లో నీలగిరుల్లో మొదలైన పైకారా జలవిద్యుత్ కేంద్రం. కొండ మీది నీళ్లు 900 మీటర్ల పైనుంచి దిగి ఇచ్చిన కరెంటు కోయంబత్తూరు మగ్గాలను, ఆ తర్వాత తోటల్లోని పంపులను తిప్పింది. అయిదేళ్లు తిరిగేసరికి, 1937లో, పీలమేడులో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును నిలబెట్టారు. 1893లో కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి. నాయుడు అంతకు ముందే పొల్లాచ్చి–పళని దారిలో బస్సు నడిపి, రవాణా వ్యాపారంలో పేరు తెచ్చుకున్నవాడు. బస్సూ మోటారూ ఒకే మనిషి చేతుల్లో ఆడిన ఊరు ఇది. బ్యాటరీ స్కూటర్ల కంపెనీ ఆంపియర్ 2008లో పుట్టిందీ ఇక్కడే. హార్స్‌పవరు, ఆంపియరు, త్రీఫేజు అన్న మాటలు వంటింట్లో కూడా దొర్లే ఊళ్లో ఎలక్ట్రిక్ కారు మీద చర్చ పుకార్ల మీద నడవడం నాకు బాధగా ఉంటుంది.

పైకారా అంకెతోనే కారు ఖర్చును చూడవచ్చు. ఒక ఘనపు మీటరు నీరు, అంటే వెయ్యి లీటర్లు, 900 మీటర్లు దిగితే నష్టాలు పోను రెండు యూనిట్ల పైచిలుకు కరెంటు వస్తుంది. మన కారు ఊటీ ఎక్కడానికి తీసుకునే 10.6 యూనిట్లకు అయిదు వేల లీటర్ల నీరు కొండ దిగాలి. మూడు వందల కిలోల మనుషులనూ సామానునూ మాత్రమే కాకుండా, వాళ్లను మోసే 1,500 కిలోల ఇనుమునూ కలిపి పైకెత్తుతున్నామని ఈ లెక్కలో తెలుస్తుంది. బండి ఎంత పెద్దదైతే కొండ అంత ఎక్కువ వసూలు చేస్తుంది.

ఇక మొత్తం ప్రయాణం చూద్దాం. చదును దారిలో ఇలాంటి కారు కిలోమీటరుకు సుమారు 0.13 యూనిట్లు తీసుకుంటుంది. మేట్టుపాళయం దాకా 4.6 యూనిట్లు. ఘాట్ రోడ్డులో వేగం తక్కువ కాబట్టి గాలి అడ్డు తక్కువ, అక్కడ ఎత్తు సంగతి పక్కన పెడితే కిలోమీటరుకు 0.12 చాలు, 51 కిలోమీటర్లకు 6.1 యూనిట్లు. ఎత్తు ఎక్కడానికి 10.6. అన్నీ కలిపి 21 యూనిట్ల పైచిలుకు. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు ఇంట్లో నిండుగా ఛార్జి అయి బయల్దేరితే ఊటీ చేరేసరికి 8, 9 యూనిట్లు మిగులుతాయి. అదే చిన్న కారు, మనుషులతో కలిపి 1,430 కిలోలు అనుకుంటే, ఎత్తుకు 8.4, నడకకు 8.6, మొత్తం 17 యూనిట్లు. 24 యూనిట్ల బ్యాటరీ ఉంటే నిబ్బరంగా వెళ్లవచ్చు. 19 యూనిట్లదైతే ఊటీ పొలిమేరలో గుండె దడ తప్పదు, మేట్టుపాళయంలో అరగంట ఆగి ఛార్జి పెట్టుకోవడమే మేలు.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. పైన పోగుపడిన 9.3 యూనిట్లు కారు బరువులోనే ఉన్నాయి. మేట్టుపాళయం దాకా చక్రాలు దొర్లడానికి అందులో 5 యూనిట్లు సరిపోతాయి. మిగిలిన 4.3 యూనిట్లను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. పెట్రోలు బండిలో అది ఇంజను బ్రేకింగులో, బ్రేకుల వేడిలో పోతుంది. బర్లియారు దగ్గర రోడ్డు పక్కన బండ్లు ఆపి, బ్రేకులు చల్లారేదాకా నిలబడే కుటుంబాలను చూసినవాళ్లకు, ఆ కాలిన వాసన తెలిసినవాళ్లకు ఆ వేడి ఎంతో తెలుసు. ఎలక్ట్రిక్ కారులో మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిలో మూడింట రెండు వంతులను బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. అంటే దాదాపు 3 యూనిట్లు. ఊటీలో 40 శాతం ఛార్జితో బయల్దేరిన 30 యూనిట్ల కారు మేట్టుపాళయంలో 50 శాతం చూపిస్తే అందులో మాయ ఏమీ లేదు. పోనూ రానూ 172 కిలోమీటర్లకు కాగితం మీద 23 యూనిట్లు తేలుతుంది. అంతే దూరం అదే వేగాల్లో చదును మీద నడిపితే అయ్యేదానికి ఇది ఒకటిన్నర యూనిట్లే ఎక్కువ. ట్రాఫిక్, ఏసీ, ఎదురుగాలి కలిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. కానీ 'కొండ బ్యాటరీని తినేస్తుంది' అన్న మాట ఎక్కేటప్పుడు మాత్రమే నిజం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని అమ్మకం కేంద్రాల్లో గట్టిగా చెప్పాలని నా కోరిక. ఊటీలో రాత్రంతా ప్లగ్గు పెట్టి 100 శాతం నింపి తెల్లవారగానే కొండ దిగడం మొదలుపెడితే, తిరిగి వచ్చే కరెంటును పట్టడానికి బ్యాటరీలో చోటుండదు. చాలా కార్లు అప్పుడు మోటారు బ్రేకింగును తగ్గించేస్తాయి. కాలు తీస్తే ఆగే బండికి అలవాటు పడినవాళ్లకు మొదటి హెయిర్‌పిన్ మలుపులోనే బండి వదులుగా జారుతున్నట్టు అనిపిస్తుంది. పైగా తెల్లవారుజామున చల్లబడి ఉన్న బ్యాటరీ కూడా కరెంటును వేగంగా తీసుకోదు. ఈ రెండూ ఒకేసారి కలిసేది సరిగ్గా ఊటీ ఉదయాల్లోనే. కాబట్టి పైన 80 శాతం దగ్గర ఛార్జింగు ఆపాలి. కిందికి రావడానికి అందులో పావు వంతు కూడా అవసరం లేదు.

మదురై వాళ్ల కొండ కొడైకెనాల్. దూరం సుమారు 115 కిలోమీటర్లు, ఎత్తు 2,130 మీటర్లు, ఎక్కవలసింది 2,000 మీటర్లు. బత్తలగుండు దాకా 60 కిలోమీటర్లు హైవే వేగంలో 8.4 యూనిట్లు, ఘాట్ రోడ్డుకు 6.6, ఎత్తుకు 11. మొత్తం 26. అదే 30 యూనిట్ల బ్యాటరీ ఇక్కడ నాలుగు యూనిట్లతో చేరుతుంది. ఎదురుగాలి, వాన, శని ఆదివారాల రద్దీ ఏదో ఒకటి ఎదురైతే ఆ నాలుగూ రెండవుతాయి. పైన రాత్రి ఛార్జింగు దొరకకపోతే మర్నాడు బత్తలగుండు దాకా దిగడం సులభమే, అక్కణ్నుంచి ఇంటికి రావడం కష్టం. కొడైకెనాల్ తరచూ వెళ్లే మదురై కుటుంబానికి 40 యూనిట్లకు తక్కువ బ్యాటరీ నేను సిఫారసు చేయను. ఏడాదికి ఒక్కసారి వెళ్లే కుటుంబం ఆ ఒక్క ప్రయాణం కోసం పెద్ద బ్యాటరీకి లక్షలు పోయడం కూడా అనవసరం. బత్తలగుండులో కాఫీకి ఆగినప్పుడు ఛార్జి పెట్టుకుంటే సరిపోతుంది.

మరి చలి? ఊటీలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది, తలైకుందా లాంటి లోయల్లో కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. పగలు మళ్లీ 20 డిగ్రీలు. బ్యాటరీ వందల కిలోల దిమ్మె, ఒక్క రాత్రిలో లోపలిదాకా గడ్డకట్టదు. ఉదయం హీటరు అరగంట వేస్తే ఒక యూనిటు. బ్యాటరీ కాస్త మందగించి ఇంకో రెండు మూడు శాతం తగ్గవచ్చు. ఎత్తుకు 10.6 యూనిట్లు ఇచ్చిన దారిలో చలికి ఇచ్చేది ఒకటిన్నర. చలి ప్రాంతాల్లో ఎలక్ట్రిక్ కార్ల గురించి వచ్చే వార్తలను ఊటీకి అన్వయించుకుని భయపడనక్కర్లేదు.

అసలైన చలి మన పిల్లలున్న చోట ఉంది. నీలగిరుల్లోని కుందా జలవిద్యుత్ పథకానికి 1950లలో కొలంబో ప్లాన్ కింద సాయం చేసిన దేశం కెనడా. ఇప్పుడు ఈ జిల్లాల ఇంజినీర్లు ఆ దేశానికి వెళ్లి స్థిరపడుతున్నారు. అక్కడ జనవరి అంటే సున్నాకు దిగువన పది, ఇరవై డిగ్రీలు.

ఆ చలిలో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది బ్యాటరీ లోపల. లిథియం అయాన్లు ద్రవంలో ఈదుకుంటూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెళ్లాలి. చలికి ద్రవం చిక్కబడి ఆ కదలిక నెమ్మదిస్తుంది. బ్యాటరీలో ఉన్న శక్తి ఎక్కడికీ పోదు, బయటికి తీయడం కష్టమవుతుంది. రెండోది మనుషుల కోసం. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో చక్రాలకు చేరేది పాతిక, ముప్పై శాతమే, మిగతాదంతా వేడి. ఆ వృథా వేడితోనే క్యాబిన్ వెచ్చబడుతుంది, అందుకే హీటరుకు విడిగా ఖర్చు కనిపించదు. ఎలక్ట్రిక్ మోటారు వృథా చేసేది చాలా తక్కువ కాబట్టి వేడిని బ్యాటరీ నుంచే కొనాలి.

ఈ రెండింటిలో ఏది ఎంత తింటుందో అమెరికాలోని ఆటోమొబైల్ వినియోగదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో అయిదు కార్లను ప్రయోగశాలలో పెట్టి కొలిచింది. సున్నాకు దిగువన 7 డిగ్రీల దగ్గర హీటరు వేయకుండా నడిపితే దూరం సగటున 12 శాతం తగ్గింది. హీటరు వేస్తే 41 శాతం. తేడా అంతా హీటరుదే. అదే పరీక్షలో 35 డిగ్రీల వేడిని కూడా కొలిచారు. ఏసీ లేకుండా 4 శాతం, ఏసీతో 17 శాతం తగ్గింది. మదురైలో మే నెల మధ్యాహ్నాలు 35 దాటి 40కి చేరుతుంటాయి. అంటే చలి దేశం వాడు శీతాకాలంలో కట్టే పన్నును మదురై కారు ఏటా వేసవిలో కొంత కడుతూనే ఉంది. దాని గురించి ఎవరూ కంగారు పడడం లేదు.

2020లో నార్వే వాహనదారుల సమాఖ్య 20 కార్లను నిజమైన శీతాకాలపు రోడ్లమీద నడిపించినప్పుడు సగటు తగ్గుదల 18.5 శాతంగా తేలింది. 41 ఎక్కడ, 18.5 ఎక్కడ అని అనిపించడం సహజం. అక్కడి చలి తీరు వేరు, కార్లు వేరు, నడిపిన తీరూ వేరు. ఒక ముఖ్యమైన కారణం హీటరు స్వభావంలోనే ఉంది. హీటరు కిలోమీటర్ల లెక్కన కరెంటు తీసుకోదు, గంటల లెక్కన తీసుకుంటుంది. గంటకు 3 యూనిట్లు తీసుకునే హీటరుతో 60 కిలోమీటర్లు వెళ్లాలనుకోండి. హైవేలో గంటలో చేరితే హీటరుకు 3 యూనిట్లు. మంచు తుపానులో గంటకు 20 కిలోమీటర్ల చొప్పున కదిలితే మూడు గంటలు, 9 యూనిట్లు. అంటే బండి నడవడానికి అయ్యేంత ఖర్చు కూర్చోవడానికీ అవుతుంది. చిన్న చిన్న పనులకు పదిసార్లు ఆగి, ప్రతిసారీ చల్లారిన క్యాబిన్‌ను మళ్లీ మొదటి నుంచి వేడి చేసుకునేవాళ్లకు శాతం భయంకరంగా కనిపిస్తుంది. నిజానికి వాళ్లు వెళ్లే దూరమే తక్కువ కాబట్టి వాళ్లకు ఇబ్బందీ తక్కువే. శాతం చూసి భయపడకుండా, రోజు గడిచాక ఎన్ని యూనిట్లు మిగిలాయో చూడాలి.

ఈ ఖర్చును సగానికి పైగా తగ్గించే పరికరం హీట్ పంపు. ఏసీని తిరగేసి నడిపితే అదే. బయటి గాలిలోని కాస్త వేడిని పిండి లోపలికి తోస్తుంది. సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలి బాగా ముదిరితే దాని సామర్థ్యం తగ్గుతుంది. చలి దేశంలో కొనేవాళ్లు బ్యాటరీ సైజు కంటే ముందు ఇది ఉందా లేదా అని అడగాలి. సీటు హీటరు, స్టీరింగు హీటరు కూడా మంచివే. ఒంటిని వెచ్చబెట్టడానికి వంద వాట్ల లోపు చాలు, గాలినంతా వెచ్చబెట్టడానికి వేల వాట్లు కావాలి.

ఒక కుటుంబం లెక్క వేద్దాం. 60 యూనిట్ల బ్యాటరీ, వేసవిలో 400 కిలోమీటర్లు. 41 శాతం పోతే 236 కిలోమీటర్లు. సున్నాకు దిగువన 20 డిగ్రీల్లో సగానికి పడిపోయిందనే అనుకుందాం, 200 కిలోమీటర్లు. ఆఫీసుకు పోనూ రానూ 60 కిలోమీటర్లు తిరిగే మనిషికి మూడు రోజులు వస్తుంది. ఇంట్లో 240 వోల్టుల, 32 ఆంపియర్ల ఛార్జరుంటే ఎనిమిది గంటల్లో 60 యూనిట్ల పైనే ఎక్కుతుంది. ప్రతి ఉదయం నిండు బ్యాటరీ. అంతే కాదు, బండి ప్లగ్గుకే తగిలి ఉండగానే క్యాబిన్, బ్యాటరీ వెచ్చబడేలా ఫోన్ నుంచి చెప్పవచ్చు. ఆ వేడి ఖర్చు గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ నుంచి రాదు. ఈ ఇంటికి చలి అంటే నెల కరెంటు బిల్లులో కొంత ఎక్కువ, అంతవరకే.

ఛార్జరు లేకుండా మామూలు ప్లగ్గే ఉంటే? ఉత్తర అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 12 ఆంపియర్లు, గంటకు 1.4 యూనిట్లు. పన్నెండు గంటలకు 17 యూనిట్లు, కడు చలి రాత్రుల్లో అందులో కొంత బ్యాటరీని వెచ్చగా ఉంచడానికే పోతుంది. మన ఇళ్లలో గీజరుకు పెట్టే 15 ఆంపియర్ల పవర్ ప్లగ్గు 230 వోల్టులది, గంటకు 3.3 యూనిట్లు ఇస్తుంది. ఎనిమిది గంటలకు 26 యూనిట్లు. ఈ ఒక్క విషయంలో పీలమేడు ఇంటి గోడ టొరంటో ఇంటి గోడ కంటే రెట్టింపు బలమైనది. విన్నిపెగ్, ఎడ్మంటన్ లాంటి ఊళ్లలో మాత్రం పెట్రోలు బండ్ల ఇంజన్లు గడ్డకట్టకుండా బ్లాక్ హీటరు తగిలించడానికి పార్కింగు స్థలాల్లో దశాబ్దాలుగా ప్లగ్గులు ఉన్నాయి. బండిని రాత్రి ప్లగ్గుకు తగిలించడం వాళ్లకు కొత్త అలవాటేమీ కాదు.

2024 జనవరిలో చికాగోలో ఏం జరిగిందో మనవాళ్లు చాలామంది టీవీల్లో చూశారు. సున్నాకు దిగువన 20 డిగ్రీల దాకా పడిన రోజుల్లో ఫాస్ట్ ఛార్జింగు కేంద్రాల దగ్గర బారులు తీరిన కార్లు, కొన్ని అక్కడే ఆగిపోయి వాటిని లాక్కెళ్లిన ట్రక్కులు. ఎలక్ట్రిక్ కారు చలికి పనికిరాదనడానికి ఆ దృశ్యాన్నే చూపిస్తారు. అక్కడ జరిగిన సాంకేతిక విషయం ఇది. సున్నాకు దిగువన చల్లబడిన లిథియం బ్యాటరీలోకి కరెంటును వేగంగా తోస్తే లిథియం లోహంగా గడ్డకట్టి పూతలా పేరుకుంటుంది, బ్యాటరీ దెబ్బతింటుంది. అందుకే కారులోని కంప్యూటరు ముందు బ్యాటరీని వెచ్చబెట్టి తర్వాతే ఛార్జింగు మొదలుపెడుతుంది. బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యాక, చల్లగా వచ్చిన కారు, వెచ్చబడడానికే చాలా సేపు ఛార్జరును పట్టుకుని ఉంటుంది. వెనకున్న కార్లు వరుసలో హీటరు వేసుకుని ఎదురుచూస్తూ తమ దగ్గరున్నదీ ఖర్చు చేసుకుంటాయి. ఇంట్లో ప్లగ్గు ఉన్నవాళ్లకు ఆ వరుసలో నిలబడే పని ఉండదు. అపార్టుమెంటులో ఉంటూ, వీధిలో బండి పెట్టుకుని, పబ్లిక్ ఛార్జరే గతి అయినవాళ్లకే చలి నిజమైన శత్రువు. ఉద్యోగానికి కొత్తగా వెళ్లిన మన పిల్లల్లో ఎక్కువమంది ఉండేది సరిగ్గా అలాంటి అపార్టుమెంట్లలోనే.

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తి ఎలక్ట్రిక్. ప్రపంచంలో ఇంత వాటా ఉన్న దేశం ఇంకొకటి లేదు, చలిలో అది ఎవరికీ తీసిపోదు. పన్నుల మినహాయింపులు, జలవిద్యుత్తు అక్కడ పెద్ద కారణాలు. వాటితో పాటు, చాలా ఇళ్లకు సొంత పార్కింగు, దాని పక్కన కరెంటు ఉన్నాయి. ఇంకో అంకె కూడా న్యాయం కోసం చెప్పాలి. చలికి పెట్రోలు కారు కూడా నష్టపోతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల్లో ఇచ్చే మైలేజితో పోలిస్తే సున్నాకు దిగువన 7 డిగ్రీల్లో ఊరి ప్రయాణాల్లో 15 శాతం తగ్గుతుంది, అయిదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాల్లో 24 శాతం దాకా. దారి పొడవునా బంకులు ఉండడం వల్ల ఎవరూ గమనించరు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. కోయంబత్తూరు చుట్టుపక్కల ఒండిపుదూరు, ఇరుగూరు, సూలూరు, కలంగల్ వైపు పాత తెలుగు కుటుంబాల ఇళ్లకు వాకిలి ఉంటుంది, పక్కన బండి నిలిచే కొట్టం ఉంటుంది, తోటలో అయితే మోటారు షెడ్డు ఉంటుంది. ప్లగ్గు పెట్టడానికి వైరు, ఎర్తింగు, ఎంసీబీ సరిచూసుకుంటే చాలు. తోటలోని పంపుసెట్టుకు ప్రభుత్వం ఇచ్చే ఉచిత కరెంటు లైనుకు మాత్రం కారు తగిలించకూడదు. అది సాగుకు ఇచ్చిన కనెక్షను, అక్కడ కారు పెడితే అది నేరం. కొందరు దీన్ని తెలివి అనుకుంటున్నారు కాబట్టి స్పష్టంగా రాయాల్సి వస్తోంది.

మదురైలో మీనాక్షి గుడి చుట్టూ చిత్తిరై, ఆవణి మూల, మాసి, వెలి వీధులు ఒకదాని చుట్టూ ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య సందుల్లో ఇల్లు గడప దాటితే వీధిలోనే ఉంటుంది. కారు ఉన్నవాళ్లు దాన్ని రెండు సందుల అవతల, ఖాళీ దొరికిన చోట పెడతారు. మేడ మీది నుంచి వైరు కిందికి వేలాడదీసి, వీధి అడ్డంగా లాగి ఛార్జింగు పెట్టడం ప్రమాదం, వానాకాలంలో మరీను. ఈ ఇంటి కష్టం, చికాగో అపార్టుమెంటు కుర్రాడి కష్టం ఒకటే. ఒకరికి 40 డిగ్రీల ఎండ, ఇంకొకరికి సున్నాకు దిగువన 20, అయినా ఇద్దరికీ బండి నిలిచే చోట ప్లగ్గు లేదు. ఇలాంటి ఇంటికి ప్రస్తుతానికి ఎలక్ట్రిక్ స్కూటరు నప్పుతుంది. కారు తీసుకోవాలంటే ముందు నెల అద్దెకు ప్లగ్గుతో సహా పార్కింగు దొరుకుతుందేమో వెతుక్కోవాలి.

డబ్బు లెక్క ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. కిలోమీటరుకు 0.14 యూనిట్లు, నెలకు 1,000 కిలోమీటర్లు. ఇంటి మీటరులో ఇంకో 140 యూనిట్లు చేరతాయి, తమిళనాడులో రెండు నెలల బిల్లు కాబట్టి 280. అవి ఎప్పుడూ బిల్లు పై అంచులోనే చేరతాయి, అంటే ఖరీదైన స్లాబులో. అందుకని సగటు ధర చూడకుండా యూనిట్‌కు 10 రూపాయలు వేసుకుందాం. కిలోమీటరుకు రూ. 1.40. లీటరు 100 రూపాయల లెక్కన, 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు బండికి రూ. 6.70. నెలకు తేడా 5,300 రూపాయలు, అయిదేళ్లకు మూడు లక్షల పైనే. అదే కారును ఎప్పుడూ యూనిట్‌కు 20 రూపాయలు పెట్టి పబ్లిక్ ఛార్జరులోనే నింపితే కిలోమీటరుకు రూ. 2.80, నెల మిగులు 3,900కు పడిపోతుంది, ఛార్జరు దగ్గర గడిపిన గంటలు అదనం. నెలకు 300 కిలోమీటర్లే తిరిగే పెద్దవాళ్ల ఇంటికైతే మిగులు నెలకు 1,600 కూడా ఉండదు. వాళ్లు డబ్బు కోసం ఎలక్ట్రిక్ కారు కొనడంలో అర్థం లేదు, నడపడం సులువని కొంటే అది వేరే మాట.

బ్యాటరీ ఆయుష్షు విషయంలో మన ఊళ్లు భయపడవలసింది ఎండకే. రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుందన్నది పాత సూత్రం, బ్యాటరీ లోపల వయసు తెచ్చే చర్యలకూ అది దాదాపుగా వర్తిస్తుంది. ఇక్కడ అమ్ముడవుతున్న చాలా కార్లలో ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని బాగా ఓర్చుకుంటుంది, చలిలో మందగిస్తుంది. మనకు అది సరైన ఎంపిక. నిండు ఛార్జితో రోజుల తరబడి మండుటెండలో బండిని వదిలేయకుండా నీడలో పెట్టడం, ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకుండా చల్లారనివ్వడం మంచిది. వారంటీలు సాధారణంగా ఎనిమిదేళ్లు, 1,60,000 కిలోమీటర్లు ఉంటున్నాయి. కొనేముందు, ఎన్ని శాతానికి పడిపోతే బ్యాటరీ మారుస్తారో కాగితం మీద చదవాలి.

మిగిలింది కొండ మీది ఏర్పాట్లు. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి నీలగిరులకూ కొడైకెనాల్‌కూ ఈ-పాస్ వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీలగిరుల్లోకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకే అనుమతి ఇచ్చారు. కొడైకెనాల్‌కు 4,000, 6,000. నీలగిరుల ఆ 6,000లో పదో వంతు ఎలక్ట్రిక్ కార్లై, రాత్రి అక్కడే ఉంటే 600. అన్నీ ఒకేసారి 15 ఆంపియర్ల ప్లగ్గులకు తగిలితే దాదాపు రెండు మెగావాట్లు. ఊరు మొత్తానికి అది మోయలేని భారం కాదు. కానీ ఒక వీధి ట్రాన్స్‌ఫార్మరు 100 కిలోవాట్లదైతే దాని మీద ముప్పై కార్లు పెట్టినా మిగతా ఇళ్లకు ఏమీ మిగలదు. పది గదుల లాడ్జిలో పది కార్లు పెడితే 33 కిలోవాట్లు. లాడ్జి వాళ్లు ఈబీ దగ్గర లోడు పెంచుకోకుండా గోడకు ప్లగ్గులు బిగిస్తే ఫ్యూజులు పోతాయి, వైర్లు కాలతాయి. 30 యూనిట్ల కారుకు పైన రాత్రి కావలసింది సుమారు 15 యూనిట్లే, అంటే అయిదు గంటలు. రాత్రి పది నుంచి మూడు దాకా సగం బండ్లు, ఆ తర్వాత సగం బండ్లు పెడితే పది కార్లకు 17 కిలోవాట్లు చాలు. ఊటీలో, కొడైకెనాల్‌లో గది బుక్ చేసేటప్పుడు వేడినీళ్లు ఉన్నాయా అని అడిగినట్టే, బండి నిలిచే చోట 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందా, దానికి సరిపడా లోడు తీసుకున్నారా అని కూడా అడగండి.